బాలి ప్యాకేజీ ప్రకటనల్లో రాయని వీసా సంగతులు

సంపాదకుడికి,

అయ్యా,

సెలవులు దగ్గరపడితే చాలు, బాలి ప్యాకేజీల ప్రకటనలు జోరందుకుంటాయి. వాటిలో ‘వీసా ఆన్ అరైవల్’ (అక్కడ దిగాక ఇచ్చే వీసా) అని కనిపిస్తే చాలామంది వీసా అక్కర్లేదనే అనుకుంటున్నారు. ఒకప్పుడు అక్కర్లేదు కూడా. 2016 నాటి ఉత్తర్వుతో ఇండోనేషియా 169 దేశాలవారిని, వారిలో మనవాళ్లనూ వీసా లేకుండా రానిచ్చింది. కొవిడ్‌ వచ్చాక 2020లో ఆపేసి, 2023లో మనకు పూర్తిగా ఎత్తేసింది. ఇప్పుడు వీసాకు మనిషికి 5 లక్షల రుపయా, అంటే మన డబ్బుల్లో మూడు వేల లోపు కట్టాలి. చంటిబిడ్డకూ అంతే. ప్యాకేజీ ధరలో ఇది కలిసిందా లేదా అన్నది చాలా ప్రకటనలు చెప్పవు.

వీసా బాలిలో ఇచ్చినా తనిఖీ మాత్రం శంషాబాద్‌లో చెకిన్ కౌంటర్ దగ్గరే మొదలవుతుంది. బాలిలో రానివ్వని ప్రయాణికుణ్ని వెనక్కి తీసుకురావాల్సింది విమాన సంస్థే కాబట్టి వాళ్లు ముందే గట్టిగా చూస్తారు. బాలిలో దిగే రోజుకు పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరు నెలలు ఉండాలి. తిరుగు టికెట్ గానీ, అక్కడి నుంచి మరో దేశానికి టికెట్ గానీ చూపాలి. పాస్‌పోర్టు పేజీ చిరిగినా, నీళ్లలో తడిసినా విమానం ఎక్కనివ్వకపోవచ్చు.

మన రాష్ట్రాలవాళ్లు ముఖ్యంగా గమనించాల్సింది ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) ముద్ర. పదో తరగతి పాసవని చాలామంది పాస్‌పోర్టుల్లో ఇది ఉంటుంది. ఈ ముద్ర ఉన్నవాళ్లు ఉద్యోగానికి వెళ్లాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన 18 దేశాల్లో గల్ఫ్ దేశాలతో పాటు ఇండోనేషియా కూడా ఉంది. విహారానికి వెళ్లేవారికి ఆ అనుమతి అవసరం లేదు, వీసా, రానుపోను టికెట్ చూపితే సరిపోతుంది. అయితే దిగాక తీసుకునే వీసాను ఇక్కడి ఇమిగ్రేషన్‌లో ఏమని చూపుతారు? అందుకే ఇలాంటివారు ఈ-వీసా ఆన్ అరైవల్‌ను ఇంటి దగ్గరే తీసుకుని, ప్రింటు పట్టుకెళ్లడం మేలు.

అది ఇండోనేషియా ఇమిగ్రేషన్ అధికారిక సైట్‌లోనే దొరుకుతుంది, చిరునామా చివర ‘గో డాట్ ఐడీ’ ఉండాలి. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు రెట్టింపు గుంజుతాయి. పాస్‌పోర్టు మొదటి పేజీ, ఫొటో, తిరుగు టికెట్ అప్‌లోడ్ చేసి కార్డుతో కట్టాలి. పాస్‌పోర్టు నంబరులో ఒక్క అంకె తప్పినా ఆ వీసా పనికిరాదు, డబ్బు వెనక్కి రాదు. ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ మనకు ఎప్పుడూ ఉన్నదే, పాస్‌పోర్టులో ఏ గడిలో ఎలా ఉందో అలాగే నింపాలి. వీసా వచ్చాక 90 రోజుల్లోగా ప్రయాణించాలి. కార్డులో విదేశీ లావాదేవీలు ఆపి ఉంటే బ్యాంకు యాప్‌లో ముందు వాటిని ఆన్ చేసుకోవాలి. అక్కడికెళ్లాక చూద్దాంలే అనుకుంటే రోమింగ్ లేని సిమ్‌కు ఓటీపీ రాదు.

ఉండనిచ్చేది 30 రోజులు. దిగిన రోజు, అది రాత్రి పదకొండైనా సరే, మొదటి రోజు కిందే లెక్క. గడువు దాటితే రోజుకు 10 లక్షల రుపయా జరిమానా.

వీసాతో సంబంధం లేనివి మరో రెండున్నాయి. బాలి ప్రభుత్వం 2024 ఫిబ్రవరి 14 నుంచి విదేశీయుల దగ్గర తలకు లక్షా 50 వేల రుపయా పర్యాటక రుసుము వసూలు చేస్తోంది. 2025లో వచ్చిన ‘ఆల్ ఇండోనేషియా’ అనే రాక వివరాల ఫారం దిగేముందు మూడు రోజుల్లో నింపాలి, అది ఉచితం. దానికీ డబ్బులడిగేవాళ్లున్నారు!

చవకని సింగపూర్ మీదుగా రెండు వేర్వేరు టికెట్లు కొనేవాళ్లు ఇంకో చిక్కులో పడతారు. అక్కడ లగేజీ తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలంటే ఇమిగ్రేషన్ దాటాలి, దానికి మనలో చాలామందికి సింగపూర్ వీసా కావాలి. ఒకే బుకింగ్‌లో ఉన్న టికెట్ అయితే సాధారణంగా ఈ బాధ ఉండదు.

ప్యాకేజీ అమ్మే ప్రతి సంస్థా వీసా ఖర్చు, పర్యాటక రుసుము, ఈసీఆర్ సంగతి రసీదు మీదే తెలుగులో అచ్చువేసేలా రెండు రాష్ట్రాల పర్యాటక శాఖలు ఆదేశించాలి. శంషాబాద్, గన్నవరం, విశాఖ విమానాశ్రయాల్లో చెకిన్ వరుస మొదట్లోనే ఇవే వివరాలతో తెలుగు బోర్డులు పెట్టాలి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్