వార్షిక నివేదిక: తిరగబడ్డ ఫొటో, తిప్పకూడని సిలిండర్

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశానికి రాలేకపోయినవాళ్ళు అడుగుతున్నారు కాబట్టి పాత అగ్నిప్రమాదాల ఫొటోలు, మంటలార్పే పాత పరికరాలతో మన సంఘం ఏడాదంతా ఏం చేసిందో రాస్తున్నాను. లెక్కలు సభలో చదివాం, ఆమోదం కూడా అయింది. కార్యవర్గం పాతదే.

ఎక్కువ టైమ్ తినేసింది టెక్సస్ సిటీ ఫొటోల ప్రదర్శన. 1947 ఏప్రిల్ 16 ఉదయం అమెరికాలోని ఆ రేవులో గ్రాండ్‌క్యాంప్ అనే ఓడ పేలింది. లోపల దాదాపు 2,300 టన్నుల అమ్మోనియం నైట్రేట్, అంటే ఎరువు. నిప్పు కనబడ్డాక, నీళ్ళు కొడితే సరుకు తడిసి పాడవుతుందని మూతలు బిగించి లోపలికి ఆవిరి వదిలారు. మామూలు మంటైతే గాలి అందక ఆరేదేమో, కానీ ఈ ఎరువుకి బయటి గాలితో పనిలేదు, ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది. పైగా ఆవిరి వేడి తోడైంది. కనీసం 581 మంది పోయారు. ఊరి వాలంటీర్ ఫైర్ దళంలో 28 మందికి మిగిలింది ఒక్కరే. పక్కనున్న మోన్శాంటో రసాయనాల ప్లాంటు, ఆయిల్ ట్యాంకులు అంటుకున్నాయి, అర్ధరాత్రి దాటాక హై ఫ్లయర్ అనే ఇంకో ఓడ కూడా పేలింది.

ప్రదర్శనలో పెట్టిన, విమానం నుంచి తీసిన ఫొటోలో పొగ ఎటు వాలిందో చూస్తే గాలి దిక్కు తెలుస్తుంది, ట్యాంకుల నీడ ఎటు పడిందో చూస్తే పొద్దుటా సాయంత్రమా తేలుతుంది. ఇవన్నీ బోర్డు మీద గొప్పగా రాసిపెట్టాం. మధ్యాహ్నం దాకా ఎవరూ ఏమీ అనలేదు. అప్పుడొక పెద్దాయన వచ్చి, "బాబూ, ఉత్తరం పైనే అని బాణం గీశారు, రేవేమో ఊరికి తూర్పున కదా, మరి నీళ్ళు ఎడమ పక్కకెలా వచ్చాయి?" అన్నారు. అంతే, మా మొహాలు చూడాలి! డూప్లికేట్ నెగటివ్‌ని తిరగేసి స్కాన్ చేశాం, కుడి ఎడమలు తారుమారయ్యాయి. గాలి తప్పు, పొద్దు తప్పు. మొదట ప్రింటు వేసినవాళ్ళ మీదకి నెట్టబోయాం గానీ తప్పు మనదే. ఇకమీదట స్కానింగ్‌కి ఇద్దరు కూర్చుంటారు, ఒకరు నెగటివ్ అంచున అక్షరాలు తిన్నగా చదవగలుగుతున్నామా లేదా అన్నదే చూస్తారు.

పరికరాల గదిలో పని తక్కువే. మంటలార్పే పాత సోడా-యాసిడ్ రాగి సిలిండర్ ఒకటి తళతళలాడేలా తోమాం. లోపల సోడా కలిపిన నీళ్ళు, మూత కింద చిన్న సీసాలో సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉండేవి. తలకిందులు చేస్తే రెండూ కలిసి కార్బన్ డయాక్సైడ్ పుట్టి, ఆ ఒత్తిడికి నీళ్ళు ట్యూబులోంచి చిమ్మేవి. "ఒక్కసారి నింపి చూపిద్దాం అన్నా" అని కుర్రాళ్ళు బతిమాలుతూనే ఉన్నారు. కుదరదు. ఒకసారి తిప్పాక ఆపడానికి వాల్వ్ ఉండదు, ఏళ్ళ తరబడి యాసిడ్ తిన్న అతుకు ఊడితే అది చేతిలో బాంబే.

ఇంకోటి. ఒక సభ్యుడు అట్టపెట్టెలో పాత గాజు గోళం తెచ్చారు, మంట ఆర్పడానికి దాని మీదకి విసిరి పగలగొట్టే రకం, ద్రవం ఇంకా లోపలే ఉంది. ఇలాంటివాటిలో కొన్నిట్లో ఉప్పునీళ్ళే ఉంటాయి, కొన్నిట్లో కార్బన్ టెట్రాక్లోరైడ్. దాని ఆవిరే విషం, మంట తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు వస్తుంది. చూసి ఏదో చెప్పలేం కాబట్టి షెల్ఫ్‌లో పెట్టకుండా ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్ళకి అప్పగించాం. ఆయన కాస్త నొచ్చుకున్నారు, ఏం చేస్తాం. మీ ఇంట్లో అలాంటివి ఉంటే తేవద్దు, కదపకుండా ఫొటో తీసి పంపండి, మేమే వచ్చి చూస్తాం.