నడకలో దూరంతో పాటు వేగాన్నీ నేర్పించాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. ఉదయపు నడక వల్ల కలిగే మేలును వివరించే వ్యాసాలు మీ పత్రిక ఆరోగ్య పేజీలో తరచుగా వస్తున్నాయి. రోజుకు ఎన్ని నిమిషాలు నడవాలో, ఎన్ని అడుగులు వేయాలో వాటిలో ఉంటుంది గాని, ఎంత వేగంతో నడవాలో, ఆ వేగాన్ని ఎలా సాధించాలో దాదాపుగా ఉండదు. ‘చురుగ్గా నడవండి’ అన్న ఒక్క మాటతో ఆ సంగతి ముగిసిపోతుంది. చాలా ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, ఇప్పుడు హనుమకొండలో ఉదయం నడిచే పెద్దల మధ్య, అటవీ శాఖ ఉద్యోగాల కోసం సాధన చేసే యువతీ యువకుల మధ్య గడుపుతున్న నాకు ఈ లోటు రోజూ కనిపిస్తోంది. వేగంగా నడవడం నేర్పితే వచ్చే విద్య అని, దానికి ఒక పద్ధతి ఉందని పాఠకులకు తెలియజేయాలన్న ఉద్దేశంతో ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా ఉద్యోగార్థుల విషయం. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ నియామకాల్లో రాతపరీక్ష నెగ్గినవారికి నడక పరీక్ష ఉంటుంది. అందులో పురుషులు 25 కిలోమీటర్లను, మహిళలు 16 కిలోమీటర్లను 4 గంటల్లో పూర్తిచేయాలి. మహిళల లెక్క గంటకు 4 కిలోమీటర్లు కనుక, ఆరోగ్యంగా ఉన్న అమ్మాయికి అక్కడ వేగం పెద్ద అడ్డంకి కాదు. ఎండ, దాహం, పాదాల మీద లేచే బొబ్బలు ఆమెను ఎక్కువగా ఇబ్బంది పెడతాయి. పురుషుల లెక్క వేరు. గంటకు 6.25 కిలోమీటర్లు అంటే ప్రతి కిలోమీటరునూ 9 నిమిషాల 36 సెకన్లలో నడవాలి, అదీ వరుసగా పాతిక సార్లు. దారిలో నీళ్లు తాగడానికి, బూటు లేసు కట్టుకోవడానికి అన్నీ కలిపి 5 నిమిషాలు ఆగినా, మిగిలిన నడకంతా కిలోమీటరుకు 9 నిమిషాల 24 సెకన్ల చొప్పున సాగాలి. మనం బజారుకు వెళ్లే మామూలు నడక గంటకు నాలుగున్నర నుంచి 5 కిలోమీటర్లు మాత్రమే. ఎక్కడా ఆగకుండా 5 కిలోమీటర్ల వేగంతో నడిచినవాడికి కూడా 25 కిలోమీటర్లు పూర్తికావడానికి 5 గంటలు పడుతుంది. అంటే మామూలు నడకతో ఈ పరీక్ష గట్టెక్కే అవకాశమే లేదు.

ఇంత స్పష్టమైన లెక్క కళ్లముందు ఉన్నా, రాతపరీక్షకు ఏడాది పాటు కోచింగ్ తీసుకునే పిల్లలు నడకకు చివరి పది పదిహేను రోజులు మాత్రమే కేటాయిస్తారు. ఆ కొద్ది రోజుల్లోనూ కొంత దూరం పరుగెత్తి, ఆయాసం వచ్చాక మెల్లగా నడిచి, దాన్నే సాధన అనుకుంటారు. పరుగు వల్ల గుండెకు, ఊపిరితిత్తులకు శక్తి వస్తుందన్న మాట నిజమే. అయితే వేగ నడకలో అన్నిటికంటే ముందు అలసిపోయేది మోకాలి కింద ఎముకను ఆనుకుని ముందువైపు ఉండే కండరం. అడుగు పడేటప్పుడు పాదం ముందుభాగాన్ని ఎత్తి పట్టుకునే పని దానిదే. పరుగు సాధన ఆ కండరాన్ని ఈ పనికి సిద్ధం చేయదు. అందుకే బాగా పరుగెత్తగలిగిన కుర్రాళ్లు కూడా ఏడెనిమిది కిలోమీటర్ల వేగ నడక తర్వాత కాలి ముందుభాగం పట్టేసిందని కూర్చుండిపోతారు.

నడకకు శరీరం పెట్టే ఒక హద్దు కూడా ఉంది. నడిచేటప్పుడు నేల మీద నిలిచిన కాలు నిటారుగా ఉండి, శరీరం దాని మీదుగా ఒక చాపంలా ముందుకు సాగుతుంది. గంటకు సుమారు 7 కిలోమీటర్ల వేగం దగ్గరికి వచ్చేసరికి ఈ విధానం కష్టమై, శరీరం తనంతట తాను పరుగులోకి మారాలని చూస్తుంది. ఆ వేగం దాటాక నడవడానికి పరుగు కంటే ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. నడక పరీక్షకు కావలసిన 6.25 కిలోమీటర్లు ఈ హద్దుకు దగ్గరగా, కాస్త లోపల ఉన్నాయి. కాబట్టి కేవలం పట్టుదలతో నెట్టుకొచ్చేవాడికంటే, నడక తీరు దిద్దుకున్నవాడు చాలా తక్కువ శ్రమతో గమ్యం చేరతాడు.

ఆ తీరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. వేగం పెంచమంటే దాదాపు అందరూ ముందుకు పెద్ద అంగ వేస్తారు. మడమ శరీరానికి చాలా ముందుగా నేలను తాకితే, ఆ అడుగు ముందుకు తోసేందుకు బదులు ప్రతిసారీ మనల్ని ఆపుతుంది, మోకాలికి, తుంటికి అదురు పెరుగుతుంది. ముందు పడే అడుగు పొట్టిగా ఉండాలి, వెనుక కాలు మాత్రం చివరిదాకా చాచుకుని బొటనవేలితో నేలను గట్టిగా తోసి లేవాలి. వేగం ముఖ్యంగా అడుగుల సంఖ్య నుంచి రావాలి. అడుగు పొడవు 80 సెంటీమీటర్లు ఉన్న మనిషి గంటకు 6.25 కిలోమీటర్లు నడవాలంటే నిమిషానికి 130 అడుగులు వేయాలి. అడుగు 75 సెంటీమీటర్లే అయితే దాదాపు 139 కావాలి. పరిశోధకులు నిమిషానికి 100 అడుగులను మధ్యస్థ వ్యాయామానికి, 130 అడుగులను తీవ్ర వ్యాయామానికి ఉజ్జాయింపు కొలతగా చెబుతారు. దీనికి ఖరీదైన చేతి గడియారం అక్కరలేదు. 15 సెకన్ల పాటు అడుగులు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే చాలు.

కాళ్లు వేగంగా కదలాలంటే చేతులను సరిచేయాలి. చాచిన చేయి నెమ్మదిగా ఊగుతుంది, కాలు దాని లయనే అనుసరిస్తుంది. మోచేతిని లంబకోణంలో మడిస్తే ఊపు పొట్టిదై వేగం పెరుగుతుంది, కాలు కూడా దానితో పాటే త్వరగా పడుతుంది. పిడికిలి బిగించకుండా, వెనక్కి వెళ్లినప్పుడు తుంటి దాకా, ముందుకు వచ్చినప్పుడు ఛాతీ దాకా మాత్రమే చేతిని ఊపాలి. అది ఛాతీ నడిగీతను దాటి అవతలికి పోకూడదు. భుజాలు చెవుల దగ్గరికి ఎక్కకూడదు. నడుము దగ్గర ముందుకు వంగకుండా నిటారుగా నిలిచి, చూపును కొన్ని గజాల ముందు ఉంచాలి. మన ఉద్యానవనాల్లో చాలామంది ఫోన్ చూస్తూ మెడ వంచి నడుస్తారు, ఆ భంగిమలో ఊపిరి పూర్తిగా అందదు, తుంటి కదలదు. చేతుల్లో చిన్న డంబెల్స్ పట్టుకుని నడిచేవారినీ చూస్తుంటాను; ఆ బరువు చేతి లయను మందగింపజేసి భుజానికి నొప్పి తెస్తుంది తప్ప వేగానికి పనికిరాదు.

ఇక సాధన. ముందు 400 మీటర్ల ట్రాక్ మీద లోపలి వరుసలో రెండున్నర చుట్లు నడిచి, ఒక కిలోమీటరుకు పడుతున్న సమయాన్ని రాసుకోవాలి. ఆ తర్వాత వారంలో ఒకరోజు విడతల నడక, ఒకరోజు ఇరవై ముప్పై నిమిషాల పాటు తగ్గకుండా సాగే గట్టి నడక, ఒకరోజు నిదానంగా దూరం నడక, తక్కిన రోజుల్లో తేలికపాటి నడక లేదా విశ్రాంతి అన్న ఏర్పాటు చాలామందికి సరిపోతుంది. విడతల నడకకు జపాన్‌లోని షిన్షు విశ్వవిద్యాలయం పరిశోధకులు చక్కటి నమూనా ఇచ్చారు. 3 నిమిషాలు వేగంగా, 3 నిమిషాలు నెమ్మదిగా, ఇలా 5 విడతలు. నడివయసు దాటినవారు వారానికి 4 రోజులు లేదా అంతకు మించి, ఐదు నెలల పాటు ఇలా సాధన చేసినప్పుడు, ఒకే మోస్తరు వేగంతో నడిచినవారికంటే వారిలో తొడ కండరాల బలం, దమ్ము ఎక్కువగా పెరిగాయని, రక్తపోటు ఎక్కువగా తగ్గిందని 2007లో ప్రచురించిన వారి అధ్యయనం తెలిపింది. అరవై దాటినవారికి నేను మొదట ఈ పద్ధతినే చెబుతాను, ఎందుకంటే 3 నిమిషాల కష్టం ఎవరినీ భయపెట్టదు. నడక పరీక్షకు వెళ్లేవారు మాత్రం కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టి, దూరం నడకను 8 కిలోమీటర్ల నుంచి వారానికి కొద్దికొద్దిగా పెంచుకుంటూ 20 కిలోమీటర్లు దాటించాలి. పరీక్షకు ముందు వారం దూరం బాగా తగ్గించాలి.

కాలి ముందుభాగపు నొప్పికి మందు సాధనలోనే ఉంది. గోడకు వీపు ఆనించి, మడమలు నేలపై ఉంచి పాదాల ముందుభాగాన్ని ఎత్తి దించడం, మడమల మీద కొన్ని గజాలు నడవడం, చీలమండను గుండ్రంగా తిప్పడం రోజుకు ఐదు నిమిషాల పని. మడమ ఎత్తు తక్కువగా, ముందుభాగం సులువుగా వంగే బూట్లు ఎంచుకోవాలి. పరీక్ష రోజు కొత్త బూట్లు తొడగడం బొబ్బలను పిలిచి తెచ్చుకోవడమే. మన వేసవిలో సాధన సూర్యోదయానికి ముందే ముగియాలి, గంట దాటిన నడకకు నీళ్లతో పాటు ఉప్పు కలిపిన మజ్జిగ అవసరం. గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు డాక్టరును అడిగిన తర్వాతే వేగం పెంచాలి. మధుమేహం ఉన్నవారు నడక ముగిశాక అరికాళ్లు తప్పక చూసుకోవాలి, స్పర్శ తగ్గిన పాదానికి పుండు పడినా తెలియదు. ఛాతీలో బిగుతు, కళ్లు తిరగడం అనిపిస్తే అక్కడే ఆగిపోవాలి.

పెద్దవారు అడిగే ప్రశ్న ఒకటుంది. ఉద్యోగం, పోటీ ఏదీ లేని మాకు ఈ వేగం ఎందుకని. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం గాని, 75 నుంచి 150 నిమిషాల తీవ్ర వ్యాయామం గాని కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కబుర్లు చెప్పుకుంటూ తాపీగా వేసే అడుగులు ఈ రెంటిలో దేని కిందికీ రాకపోవచ్చు. నడుస్తూ మాట్లాడగలగాలి గాని పాట పాడలేకపోవాలి, మధ్యస్థ వ్యాయామానికి అది గుర్తు. పైగా 65 ఏళ్లు దాటినవారిలో నడక వేగానికీ ఆయుర్దాయానికీ దగ్గరి సంబంధం ఉందని, 34 వేల మందికి పైగా వృద్ధుల వివరాలను కలిపి పరిశీలించిన 2011 నాటి అధ్యయనం చూపించింది.

దూరపు పోటీల విషయానికొస్తే, హైదరాబాద్ మారథాన్, విశాఖ నేవీ మారథాన్ వంటి వాటిలో పరుగు రానివారు తమకు 5 కిలోమీటర్ల విభాగమే దిక్కని అనుకుంటారు. గంటకు 7 కిలోమీటర్ల వేగం సాధించినవారు 10 కిలోమీటర్లను 86 నిమిషాల్లో, హాఫ్ మారథాన్‌ను సుమారు 3 గంటల్లో నడకతోనే ముగించగలరు. అదే 5 కిలోమీటర్ల వేగమైతే హాఫ్ మారథాన్‌కు 4 గంటల 13 నిమిషాలు పడుతుంది, అప్పటికి దారి పొడవునా నీళ్ల బల్లలు ఎత్తేసి ఉంటారు.

దీనికి పైమెట్టుగా రేస్ వాకింగ్ అనే ఒలింపిక్ క్రీడ ఉన్నదని మన బడుల్లో చాలామంది పిల్లలకు తెలియదు. అందులో కంటికి కనిపించేలా రెండు పాదాలూ ఒకేసారి నేలను వదలకూడదు. ముందుకు వేసిన కాలు నేలను తాకిన క్షణం నుంచి శరీరం కిందికి నిటారుగా వచ్చేదాకా మోకాలు వంగకూడదు. జపాన్‌కు చెందిన తొషికాజు యమనిషి 2025లో 20 కిలోమీటర్లను ఈ నియమాలతోనే 1 గంట 16 నిమిషాల 10 సెకన్లలో నడిచాడు, అంటే గంటకు పదిహేనున్నర కిలోమీటర్లకు పైగా. మన దేశానికీ ఇందులో మంచి చరిత్ర ఉంది. 1978 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో హాకం సింగ్, 1982 ఢిల్లీ క్రీడల్లో చాంద్ రాం 20 కిలోమీటర్ల నడకలో స్వర్ణాలు గెలిచారు. కేరళలోని మలప్పురం జిల్లా నుంచి వచ్చిన కె.టి. ఇర్ఫాన్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పదో స్థానంలో నిలిచాడు. 2014 ఆసియా క్రీడల్లో ఖుష్బీర్ కౌర్, 2022 కామన్వెల్త్ క్రీడల్లో ప్రియాంక గోస్వామి రజతాలు సాధించారు. ఈ వరుసలో తెలుగు పేరు లేకపోవడం నన్ను బాధిస్తుంది. మా ఉమ్మడి వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వెళ్లిన జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. పల్లెల్లో సత్తాకు కొదవ లేదనడానికి ఆ అమ్మాయే సాక్ష్యం. బడికి కోసుల దూరం నడిచే పిల్లలు ఉన్న ప్రాంతాల్లో రేస్ వాకర్లను వెతకడానికి పెద్ద ఖర్చు కూడా అవసరం లేదు.

ఈ నేపథ్యంలో మూడు విన్నపాలు. నడక పరీక్ష ఉండే ఉద్యోగాల నోటిఫికేషన్‌తో పాటే కనీసం పన్నెండు వారాల సాధన ప్రణాళికను కూడా నియామక సంస్థలు ప్రకటించాలి. పురపాలక సంఘాలు తమ ఉద్యానవనాలు, చెరువు కట్టల మీది నడక దారులపై ప్రతి 100 మీటర్లకు దూరం గుర్తులు వేయించాలి; కొలత తెలియని దారిలో వేగం తెలుసుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. పరుగు పోటీల నిర్వాహకులు 10 కిలోమీటర్ల దూరంలో వయసుల వారీగా నడక విభాగం పెట్టి, దానికి తగిన గడువు ఇవ్వాలి. పాఠశాల క్రీడల్లో రేస్ వాకింగ్‌కు మండల స్థాయి నుంచే చోటు దొరికితే మరీ సంతోషం. మీ పత్రిక ఆరోగ్య పేజీలో నడక గురించి తర్వాత వచ్చే వ్యాసంలో నిమిషాలతో పాటు నిమిషానికి వేయవలసిన అడుగుల లెక్కను కూడా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
హనుమకొండ