అడగకుండా ముఖం మార్చొద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

సెల్ఫీలు పెట్టేవాళ్లను చూసి 'ఇదేం పిచ్చి, పొగడ్తల కోసం కాకపోతే' అనేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. పాలకొల్లులో ఇరవై తొమ్మిదేళ్లు ఫోటో స్టూడియో నడిపినవాణ్ని. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. తన ముఖం నలుగురికీ చూపించుకోవాలనే కోరిక ఫోన్లు రాకముందు నుంచీ ఉంది. 1839లోనే అమెరికాలో రాబర్ట్ కార్నీలియస్ అనే ఆయన తన ఫోటో తానే తీసుకున్నాడు. సంక్రాంతికి కొత్త బట్టలేసుకుని మా స్టూడియో మెట్లెక్కిన పిల్లలు వచ్చిందీ ఆ కోరికతోనే.

కువైట్ వెళ్లే ఆడవాళ్లకు పాస్‌పోర్ట్ ఫోటోలు చాలా తీశాను. వాళ్లు తిరిగొచ్చేదాకా, రెండేళ్లో మూడేళ్లో, ఇంట్లో పిల్లలు మిగిలిన ఆ చిన్న ఫోటోనే చూసుకునేవారు. ఇప్పుడు మా వీధిలో ఒకావిడ కూతురు అక్కడ ఇంటిపని చేస్తోంది. రోజూ వంటగదిలో నిలబడి ఒక సెల్ఫీ తీసుకుని స్టేటస్ పెడుతుంది. ఆ తల్లి అది చూశాకే కాఫీ తాగుతుంది. 'మొహం పీక్కుపోయింది, సరిగ్గా తింటున్నట్టు లేదు' అని ఒకరోజు, 'ఇవాళ తేటగా ఉంది' అని ఇంకోరోజు మాకు చెబుతుంది. నేను బాగున్నాను, నన్ను మరిచిపోకండి అని చెప్పడానికి ఆ పిల్లకు అంతకన్నా దారేముంది?

నాకు భయం వేసేది ఫోన్ ఆ ముఖాన్ని చేస్తున్న పని చూసి. ఆ అమ్మాయి కొత్త ఫోన్ కొన్నాక ముఖం నున్నగా, తెల్లగా, బొమ్మలా రావడం మొదలైంది. 'దీంట్లో దాని ఒంట్లో ఎలా ఉందో నాకు తెలియట్లేదు బాబూ' అంది తల్లి. చాలా ఫోన్లలో ముందు కెమెరాకు బ్యూటీ మోడ్ కొన్ననాడే ఆన్ చేసి ఉంటుంది. అలాంటిదొకటి ఉందని కూడా ఆ పిల్లకు తెలియదు.

నేనూ ఈ తప్పు చేశాను, దాచను. నెగెటివ్ మీద సన్న పెన్సిల్‌తో టచింగ్ చేస్తే ప్రింటులో ఆ చోటు తెల్లగా వస్తుంది. పెళ్లి సంబంధాలకు పంపే ఫోటో అంటే చాలు, 'కాస్త రంగు తేల్చండి' అనేవారు తండ్రులు. తేల్చాను. ఒక అమ్మాయి ప్రింటు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, ఏమీ అనకుండా తిరిగిచ్చేసింది. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. అప్పుడు కనీసం ఒకరు అడిగితే ఇంకొకరు చేసేవాళ్లం. ఇప్పుడు అడిగేవాళ్లూ లేరు, చేసేవాళ్లూ కనపడరు. పదమూడేళ్ల మా మనవరాలు ఫిల్టర్ లేని తన ఫోటో ఇంట్లోవాళ్లను కూడా చూడనివ్వదు. ముప్పై ఏళ్ల కిందట ఆ అమ్మాయికి ఒక్క ఫోటోతో కలిగిన టెన్షన్ మా పిల్లకు రోజూ కలుగుతోంది.

దీన్ని మార్చడం అసాధ్యమేమీ కాదు. గూగుల్ 2020లో తన పిక్సెల్ ఫోన్లలో ముఖం సవరించే ఫీచర్‌ను ముందుగా ఆఫ్‌లోనే ఉంచుతామంది. చర్మం, శరీరం మార్చిన ప్రకటనల ఫోటోల మీద ఆ సంగతి రాసి తీరాలని నార్వేలో 2022 జులై నుంచి చట్టం ఉంది. మన దేశంలో అమ్మే ప్రతి ఫోన్‌లోనూ ఈ బ్యూటీ మోడ్ ఆఫ్‌లో ఉండాలని, కావాలనుకున్నవాళ్లే ఆన్ చేసుకోవాలని కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టాలి. ప్రకటనలకూ నార్వేలాంటి చట్టం తేవాలి. మన ఎంపీలు దీని గురించి పార్లమెంటులో అడగాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

కువైట్‌లో ఉన్న ఆ అమ్మాయికి వీడియో కాల్ చేసి ఆ సెట్టింగ్ ఎలా తీసేయాలో నేనే చెప్పాను. మర్నాడు వచ్చిన సెల్ఫీలో కళ్ల కింద నలుపు కనిపించింది. తల్లి కాఫీ గ్లాసు పక్కన పెట్టి వెంటనే ఫోన్ చేసింది. 'ఏమ్మా, జ్వరం వచ్చిందా?' అని అడిగింది. వచ్చిందట, మూడు రోజుల నుంచీ.

— ఒక పాత ఫోటోగ్రాఫర్, పాలకొల్లు