ఉరికి నా సమ్మతి లేదు

సంపాదకులు గారికి,

ఎక్కడ ఘోరం జరిగినా మా టీ కొట్టు దగ్గర ముందు వినపడేది ‘ఉరి తీసెయ్యాలండి’ అనే మాటే. 1993లో చిలకలూరిపేట బస్సు దహనంలో 23 మంది కాలిపోయారు. దోషులిద్దరి ఉరిని 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ యావజ్జీవంగా మార్చినప్పుడు నాకూ మింగుడుపడలేదు, అబద్ధమెందుకు. అత్యంత అరుదైన కేసులకే ఉరి అని 1980లో సుప్రీంకోర్టు అంది. ఆ అరుదును తూచేదీ మనుషులే కదా. పైగా కట్టేసిన మనిషిని నా పేరు చెప్పి చంపడం నాకు సమ్మతం కాదు.

బోదె నీళ్ల తగువులో మా బాబాయిని పారతో కొట్టి చంపారు. ఊరంతా ఉరి పడాలంటే, మా నాయనమ్మ చేటలో బియ్యం ఏరుతూ ‘ఆడి తల్లేం చేసిందిరా’ అంది. యావజ్జీవం పడింది. విడుదలై వచ్చాక అతను ఇప్పుడు అదే గట్టు మీద గేదెల్ని తోలుకెళ్తుంటాడు. మేం పలకరించుకోం.

– ఓ కొబ్బరి రైతు, ముమ్మిడివరం