రెండు డ్రమ్ములు చాలు, బుజ్జమ్మా

పీణ్యా, బెంగళూరు
ఆదివారం పొద్దున

బుజ్జమ్మా,

నిన్న రాత్రి ఫోన్లో "పొలంలో నీలగిరి మోళ్ళు తీసి సాగు చేయడానికి డీజిల్ నిలవుంచాలి గదా, వెయ్యి లీటర్ల ట్యాంకు చూశాను నాయనా, సెకండ్ హ్యాండే గానీ గాల్వనైజ్డు రేకు, తుప్పే పట్టదంట" అన్నావు. నేను ఏదో చెప్పబోతే "సరే నాయనా, సరే" అని పెట్టేశావు. ఆ రెండు సరేల మధ్య నా మాట ఎక్కడ పడిపోయిందో తెలీక, మీ అమ్మ చీటీల లెక్కల పుస్తకంలో నాలుగు కాగితాలు చించుకొని కూర్చున్నాను. యశ్వంతపురం మార్కెట్టుకు కూరగాయలు తెచ్చే మన ఊరి వ్యానులో పంపిస్తాను. ఉత్తరమైతే మధ్యలో కట్ చేయలేవు గదా.

ముందు ఆ ట్యాంకు వద్దు. గాల్వనైజ్డు అంటే లోపల జింకు పూత. నీళ్ళకు మంచిదే, డీజిల్‌కు కాదు. డీజిల్ నిలవుంటే ఆ జింకు కొంచెం కొంచెంగా అందులోకి దిగి, జిగటగా మారి ఫిల్టర్లను మూసేస్తుంది. మామూలు ఇనుప డ్రమ్ము మేలు, 200 లీటర్లది. అట్లాంటివి రెండు చాలు.

రెండేనా అంటావు. లెక్క వేసుకో. నీ 15 కేవీఏ జనరేటరు బోరు మోటారు లాగితే గంటకు మూడు లీటర్లు, అటూ ఇటూ. బాడుగ ట్రాక్టరు, మట్టిని పొడి చేసే రోటావేటరు కట్టుకొని తిరిగితే నాలుగైదు. జేసీబీకి వాళ్ళ డీజిలే, నువ్వు పోస్తానని ఒప్పుకున్నావంటే ఆ డ్రమ్ము ఎప్పుడు ఖాళీ అయిందో నీకే తెలీదు. 1934 పెట్రోలియం చట్టంలో డీజిల్ 2,500 లీటర్ల దాకా లైసెన్సు లేకుండా పెట్టుకోవచ్చు, ఒక్కో ట్యాంకు 1,000 లీటర్లు దాటకుండా ఉంటే చాలు. ఆ మాట నీకెవరో చెప్పుంటారు, అందుకే సరిగ్గా వెయ్యి మీద మనసు పడింది. చట్టం వద్దనదు. కానీ సగం ఖాళీగా ఆరునెలలు నిలబడిన ట్యాంకులో ఏమవుతుందో చట్టం చెప్పదు, నేను చెప్తాను.

రాజాజీనగర్‌లో ఒక కల్యాణ మంటపానికి జనరేటరు చూసేవాణ్ణి, నువ్వు అప్పుడు రెండో తరగతి. మేడ మీద డ్రమ్ము నిలువుగా పెట్టి, మూత బిరుసుగా బిగించి, నిశ్చింతగా ఇంటికొచ్చాను. వానాకాలం. డ్రమ్ము పైమూతకు చుట్టూ అంచు ఉంటుంది చూడు, అందులో వాననీళ్ళు పళ్ళెంలో నిలిచినట్టు నిలుస్తాయి. పగలు ఎండకు లోపలి గాలి ఉబ్బి మూత సందుల్లోంచి బయటికి పోతుంది. రాత్రి చల్లబడేసరికి డ్రమ్ము గాలి కోసం లోపలికి పీలుస్తుంది. గాలి బదులు ఆ నీళ్ళే దొరుకుతాయి. మూత ఎంత బిగించినా సరే, రోజుకింత తాగుతుంది. డీజిల్ తేలిక, నీళ్ళు బరువు, అన్నీ అడుక్కి చేరతాయి. మూడు వారాల తర్వాత ముహూర్తం వేళ కరెంటు పోయింది. జనరేటరు రెండు నిమిషాలు తిరిగి, దగ్గి, ఆగిపోయింది. పంతులు చీకట్లోనే మంత్రం చదివాడు. నేను ఫిల్టరు గిన్నె విప్పితే అందులో డీజిల్ లేదమ్మా, మబ్బునీళ్ళు. ఇంజక్షన్ పంపు రిపేరుకు నా జీతంలోనే కోశారు. తప్పు నాదే, కోసినా మాట్లాడలేదు.

అందుకని నీ డ్రమ్ములు ఎండావానా తగలని చోట పెట్టు. వాడని డ్రమ్మును పడుకోబెట్టు, మూతలు రెండూ గడియారంలో మూడు, తొమ్మిది ఉన్న చోట ఉండేట్టు. అప్పుడు రెండు మూతలూ లోపల డీజిల్‌లో మునిగి ఉంటాయి, గాలి తాగవు. వాడే డ్రమ్ముకు చేతిపంపు, దాని గొట్టం అడుగుకు మూడు వేళ్ళ పైనే ఆగాలి. నెలకొకసారి అడుగునుంచి ఒక సీసాడు తీసి రాత్రంతా కదపకుండా పెట్టి చూడు. పొద్దునకు అడుగున తేటగా గీత కనిపిస్తే నీళ్ళు. నల్లగా నాచులాంటిది కనిపిస్తే సూక్ష్మజీవులు పెరిగాయని, ఆ డ్రమ్ము మొత్తం కడగాలి.

షెడ్డు ఇంటికి, బోరుకు, జనరేటరుకు యాభై అడుగుల దూరంలో వేయి. బోరుకు మీదివైపు వద్దు, కారిందంటే వాలున నేరుగా నీ నీళ్ళలోకే. కింద సిమెంటు గచ్చు, ఎనిమిదడుగులు ఆరడుగులు, చుట్టూ నాలుగంగుళాల కట్ట. ఆ కొలతకు 16 ఘనపుటడుగులు, అంటే 450 లీటర్ల పైమాటే. రెండు డ్రమ్ములూ పగిలినా గడప దాటదు. ఒక బకెట్టు పొడి ఇసుక, మంటలార్పే పౌడరు సిలిండరు ఒకటి పెట్టు. డీజిల్ మంట మీద నీళ్ళు కొడితే మంట తేలుతూ పోతుంది.

కంప కోసే బ్రష్ కట్టరు కోసం పెట్రోలు తెస్తావు గదా, నాకు డీజిల్ కంటే దాని భయమే ఎక్కువ. డీజిల్ అగ్గిపుల్లకు అంత తొందరగా అంటుకోదు, పెట్రోలు ఆవిరే అంటుకుంటుంది. ఐదు లీటర్ల మెటల్ క్యాను చాలు, 30 లీటర్లు దాటితే లైసెన్సు అడుగుతారు. క్యాను వ్యాను డెక్కు మీద ఉంచి పోయించొద్దు, నేల మీద దించి పోయించు. కట్టరులో పోసిన చోటే స్టార్టు చేయకు, పదడుగులు నడిచి తాడు లాగు. నీళ్ళ సీసాల్లో మాత్రం అసలు పోయకు, కూలికొచ్చినవాళ్ళు దాహానికి ఎత్తుతారు. గొట్టం పెట్టి నోటితో లాగడం కూడా వద్దు. హెల్పరుగా ఉన్నప్పుడు మేస్త్రీ ముందు మగతనం చూపించాలని నేను లాగాను. కడుపులోకి పోవడం కంటే ఊపిరితిత్తుల్లోకి జారితే ఎక్కువ ప్రమాదం. వారం రోజులు దగ్గితే డీజిల్ వాసనే వచ్చేది. మీ అమ్మకు ఇది తెలీదు, చెప్పొద్దు.

నాకు తెలిసింది ఇంతే, డీజిల్. నేల సంగతి నాకంటే మీ అవ్వకు తెలుసు. అయినా ఆ నీలగిరి మోళ్ళ గురించి చెప్పాలి, ఎందుకంటే అవి నావి.

రెండెకరాల పద్నాలుగు గుంటల్లో మీ తాత రాగులు, అనప వేసేవాడు. ఆయన పోయాక నేను పీణ్యా వదలలేదు. 1980ల నుంచి హోసకోట, కోలారు పక్క ఊరూరా నీలగిరి నారు వచ్చేసింది. ఏడెనిమిదేళ్ళకొకసారి కొట్టుకోవచ్చు, కావలి అక్కర్లేదు, నీళ్ళు పెట్టక్కర్లేదు. నాలాంటివాడికి కుదిరిన పంట. "మేక కూడా మూతిపెట్టని చెట్టును సంగటి పండే నేలలో పెడతావా" అని అవ్వ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మొదటి వరస బావి పక్కనే నాటాను, నీడ ఉంటుందని. బావి ఎప్పుడు ఎండిందో కూడా నేను గమనించలేదు, సంక్రాంతికొచ్చి చూస్తే అడుగున ప్లాస్టిక్ కవర్లు. 2017లో సర్కారే కొత్తగా నీలగిరి నాటొద్దని ఆపేసింది. అప్పటికి మన నేలలో మూడు కోతలు అయిపోయాయి.

మోడు పైపైన కోయించావో, వారాల్లోనే పిలకలు గుత్తులుగా లేస్తాయి. వేరుబుర్రతో సహా పెకలించాలి. ఖర్చెక్కువ, అయినా సగంలో ఆపకు. జేసీబీకి పళ్ళున్న బకెట్టే వేయమను. చదును బకెట్టుతో గీకితే మన ఎర్రమట్టి పైజానెడు, అదే నీ పంట, గట్టు మీదికి పోతుంది. మోడుకు పట్టిన మట్టి అక్కడే దులిపించు. మోళ్ళు ఇటుక బట్టీవాళ్ళు కొంటారు, తూకం నీ కళ్ళ ముందు జరగాలి. గుంతలు పూడ్చినా ఒక వాన తర్వాత కుంగుతాయి, అప్పుడు చదును చేయించు, ముందే చేస్తే డబ్బు రెండుసార్లు.

నీలగిరి కొట్టడానికి పర్మిషన్ అక్కర్లేదు. గట్టు మీది వేప, చింత మాత్రం అటవీ శాఖను అడక్కుండా ముట్టుకోవద్దు. ఉత్తరం వైపు కంపలో గంధం మొక్క ఒకటి లేచిందని అవ్వ అంటుంది, పిట్టలు వేసుంటాయి. ఆపరేటరుకు తెలీదు, పచ్చగా ఉంటే లాగేస్తాడు. రిబ్బను కట్టు. సర్వే రాళ్ళకు కూడా సున్నం పూయి, పక్క పొలంవాళ్ళతో మాట రాకుండా.

పొద్దున పనిముందు కంపలోకి దిగేటప్పుడు గమ్‌బూట్లు వేసుకో. రక్తపింజర చప్పుడుకు పారిపోదు, పడుకొనే ఉంటుంది.

వచ్చే ఆదివారం వస్తున్నాను. నా పాత చేతిపంపు తెస్తాను. కిరోసిన్‌తో, తర్వాత సబ్బుతో మూడుసార్లు కడిగాను, అయినా మెట్రోలో వాసన పట్టి ఆపుతారేమోనని మీ అమ్మ గొణుగుతోంది. ఆపితే బస్సులో వస్తాను, కె.ఆర్.పురం దగ్గర మారితే పదిన్నరకు హోసకోటలో ఉంటాను. స్కూటీ తీసుకురా.

జేసీబీని గట్టు వైపునుంచి మొదలుపెట్టమను. బావి పక్క వరస మాత్రం నేనొచ్చేదాకా ముట్టించొద్దు. అవి తీసేటప్పుడు అవ్వను కూడా కుర్చీ వేసి అక్కడ కూర్చోబెట్టు.

మీ నాయన