ఎర్ర సముద్రంలో దాడులు, ఆలూరులో డీఏపీ కరువు

సంపాదకుల వారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో డీఏపీ (విత్తేటప్పుడు వేసే భాస్వరం ఎరువు) కొరత మీద వార్త వచ్చింది. ఎర్ర సముద్రంలో యుద్ధం వల్ల ఓడలు ఆలస్యమయ్యాయని, రైతులు సహకరించాలని అధికారులు చెప్పినట్టు రాశారు. అప్పటి నుంచి మనసు కుదుటపడక ఈ ఉత్తరం రాస్తున్నాను.

యుద్ధం ఉన్నమాట నిజమే. యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారులు గెలాక్సీ లీడర్ అనే సరుకు ఓడను పట్టుకుపోయింది 2023 నవంబరు 19న. ఆ తర్వాత ఓడల కంపెనీలు ఎర్ర సముద్రపు దక్షిణ ద్వారమైన బాబ్ ఎల్ మందెబ్ జలసంధి వైపు రావడానికే జంకి, ఆఫ్రికా చుట్టూ గుడ్ హోప్ అగ్రం మీదుగా చుట్టి రావడం మొదలుపెట్టాయి. ఎరువుల ఓడలకు 6,500 కిలోమీటర్లు అదనపు ప్రయాణమని కేంద్రమే చెప్పింది. హౌతీల దాడిలో దెబ్బతిని 2024 మార్చిలో మునిగిన రూబీమార్ ఓడలో ఉన్న సరుకు కూడా ఎరువే, 21,000 టన్నులు. ఇవన్నీ మేమూ పేపర్లో చదివాం.

మరి 2023 నవంబరులో మొదలైన గండానికి 2024 అక్టోబరు దాకా ఏం చేశారు? మా నల్లరేగడిలో శనగ వేసేది అక్టోబరులో, చిత్త కార్తె వాన పదునులో. ఎకరాకు బస్తా డీఏపీ గొర్రుతో పాటే పడాలి. పదును ఆరిపోయాక ఓడ వస్తే ఎవరికి లాభం? ఎంత విస్తీర్ణంలో శనగ వేస్తారో, ఎన్ని టన్నులు కావాలో వ్యవసాయ శాఖ దగ్గర ఏటా లెక్క ఉంటుంది. రైతు సేవా కేంద్రంలో అడిగితే సరుకు కావాలని ఇండెంట్ పెట్టామంటారు. పైన అడిగితే ఎరువుల గూడ్సు రైలు (రేక్) రావాలంటారు. పోనీ బదులుగా 20-20 కాంప్లెక్స్ ఎరువు వేసుకోండని సలహా ఇస్తారు, తీరా వెళితే అదీ ఉండదు.

మా ఊరి దగ్గర ఒక అంగట్లో చూసిందే చెబుతాను. సంచి మీద 1,350 రూపాయలని అచ్చు వేసి ఉంది. దాన్ని కొనాలంటే పక్కన పెట్టిన నానో ద్రవ ఎరువు సీసా కూడా తీసుకోవాలి. వద్దన్న ముసలాయనకు బస్తా లేదని చెప్పి, ఆయన వెనకున్న మనిషికి ఇచ్చారు. బిల్లు అడిగితే మెషిన్ పని చేయడం లేదన్నారు. ఇందులో హౌతీల ప్రమేయం ఏముంది? తనిఖీకి ఒక్క అధికారి రాలేదు. వాళ్లకు వీడియో కాన్ఫరెన్సులు, సర్వేలతోనే సరిపోతోంది.

జనం తీరు కూడా నాకు బాధగానే ఉంది. 2024 జనవరిలో అమెరికా, బ్రిటన్ యెమెన్‌లో హౌతీల మీద బాంబులు వేసినప్పుడు టీ కొట్ల దగ్గర క్రికెట్ మ్యాచ్ చూసినట్టు పక్షాలు కట్టి అరుచుకున్నారు. టీవీల వాళ్లూ క్షిపణులు ఎగిరే బొమ్మలే తిప్పి తిప్పి చూపించారు. హౌతీల దాడులకు గురయ్యే ఓడల్లో పనిచేసేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారని ఎంతమందికి తట్టింది? అదే జనవరి 26న ఏడెన్ సింధుశాఖలో క్షిపణి తగిలి అంటుకున్న మార్లిన్ లువాండా చమురు ఓడలో 22 మంది భారతీయులున్నారు. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ విశాఖపట్నం నావికులు వెళ్లి ఆ మంటలు ఆర్పడంలో సాయపడ్డారు. అది చదివి కళ్లలో నీళ్లు తిరిగాయి. హౌతీలను అడ్డుకోవడానికి అమెరికా కట్టిన కూటమిలో చేరకుండానే మన నౌకాదళం అంత దూరంలో కాపలా కాసింది. ఆ ముందుచూపులో కొంతయినా ఎరువుల శాఖకు ఉండొద్దా?

డీఏపీ కోసం, దాని ముడిసరుకు కోసం మనం విదేశాల మీద ఆధారపడ్డామని అందరికీ తెలుసు. మొరాకో, జోర్డాన్ నుంచి రావాలి, చైనా ఎగుమతులు బిగపట్టింది. అలాంటప్పుడు వేసవిలోనే తెప్పించి జిల్లాల్లో నిల్వ పెట్టాలి. విశాఖ, కాకినాడ రేవుల్లో ఎంత దిగింది, కర్నూలుకు ఎంత వచ్చింది, ఏ మండలానికి ఎంత ఇచ్చారు అన్నది ప్రతి కేంద్రం బయట బోర్డు మీద రాయాలి. అధికారులు రాయకపోతే మీరైనా అడిగి తెచ్చి, సీజను ముగిసేదాకా వారం వారం జిల్లా పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక శనగ రైతు,
ఆలూరు మండలం, కర్నూలు జిల్లా