వృద్ధుల సేవ స్థానికంగా, డబ్బు ఉమ్మడిగా

సంపాదకుడు గారికి,

వృద్ధుల సంరక్షణకు ఇంటిపన్ను మీద కొంత సెస్సు వేసుకోనిస్తే స్థానిక సంస్థలే చూసుకుంటాయి అనేవాళ్లు ఇంగ్లండ్‌లో ఏం జరిగిందో ఒకసారి చూడాలి. 2016లో అక్కడ సరిగ్గా ఇదే చేశారు. కౌన్సిల్ టాక్స్‌ను, అంటే అక్కడి ఇంటిపన్నును, ఏటా మరో 2 శాతం దాకా పెంచుకోండి, ఆ డబ్బు మాత్రం వృద్ధులు, వికలాంగుల సంరక్షణకే ఖర్చు పెట్టండి అని ప్రభుత్వం కౌన్సిళ్లకు, అంటే అక్కడి స్థానిక సంస్థలకు చెప్పింది.

వినడానికి బాగానే ఉంది. అయితే ఖరీదైన ఇళ్లున్న చోట 2 శాతమంటే పెద్ద మొత్తమే. కుర్రవాళ్లంతా పనుల కోసం వెళ్లిపోయి ముసలివాళ్లు మిగిలిన చోట అదే 2 శాతం ఏ మూలకూ చాలదు. అవసరం ఎక్కువున్న చోటే రాబడి తక్కువ. పైగా ఆ పన్ను లెక్కకు ఇప్పటికీ 1991 నాటి ఇళ్ల విలువలే ఆధారం! సంరక్షణ అన్నది చట్టం పెట్టిన బాధ్యత కాబట్టి కౌన్సిల్ తప్పించుకోలేదు. డబ్బు చాలకపోతే కోత పడేది లైబ్రరీలకు, పార్కులకు.

సంరక్షణలోనూ కోత పడుతుంది, బయటికి కనిపించదంతే. ఇంటికొచ్చి సాయం చేసే మనిషికి కొన్నిచోట్ల ఇచ్చే టైము పావుగంట. ఆ పావుగంటలో పెద్దావిణ్ణి మంచం మీంచి లేపాలి, బాత్‌రూమ్‌కి తీసుకెళ్లాలి, బట్టలు మార్చాలి, మాత్రలు వేయించాలి. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లే సమయానికి చాలామందికి జీతం కూడా రాదు. ఇక ఆ పనిలో ఎవరు నిలబడతారు?

ఇంగ్లండ్‌లో ఒకరి ఆస్తి 23,250 పౌండ్లు దాటితే సంరక్షణ ఖర్చంతా సొంతంగా భరించాల్సిందే. ఈ పరిమితి 2010 నుంచి కదల్లేదు. జీవితకాల ఖర్చుకు ఒక గరిష్ఠ హద్దు పెట్టాలని 2011లో ప్రభుత్వం వేసిన డిల్‌నాట్ కమిషన్ సిఫారసు చేస్తే, 2014లో చట్టం వచ్చింది. తర్వాత వాయిదాల మీద వాయిదాలు. చివరికి 2024లో ఆ ఆలోచననే పక్కన పెట్టేశారు.

జపాన్ దారి వేరు. 2000 ఏప్రిల్ నుంచి అక్కడ 40 ఏళ్లు నిండినవాళ్లంతా సంరక్షణ బీమాకు ప్రీమియం కడుతున్నారు. సేవలు పొందేవాళ్లు కట్టే వాటా పోగా, మిగిలిన ఖర్చులో సగం ప్రీమియంల నుంచి, సగం పన్నుల నుంచి వస్తుంది. పథకాన్ని నడిపేది మున్సిపాలిటీయే, కానీ దాని సొంత ఖజానా మీద పడేది 12.5 శాతమే. బాగా వయసు మళ్లినవాళ్లు ఎక్కువ, ఆదాయాలు తక్కువ ఉన్న ఊళ్లకు కేంద్రం సర్దుబాటు నిధి ఇస్తుంది. స్వీడన్‌లో మున్సిపాలిటీలు స్థానిక ఆదాయపు పన్నుతోనే ఈ పని చేస్తున్నా, సంపన్న, పేద ప్రాంతాల మధ్య తేడాలను సరిచేసే ఏర్పాటు ఉంది.

స్థానిక పన్నే వద్దని నేను అనను. తన డబ్బు కొంతైనా లేకపోతే ఏ స్థానిక సంస్థా ఖర్చును జాగ్రత్తగా చూడదు. కానీ ఆ వాటా ఎంతో చట్టంలోనే రాయాలి. మిగతాది దేశం మొత్తం నుంచి వసూలు చేసి, వృద్ధుల సంఖ్యను బట్టి పంచాలి. పిల్లలుండగా పన్నెందుకనేవాళ్లూ ఉన్నారు. ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చునేది ఎక్కువగా కూతురో కోడలో అన్నది వాళ్ల లెక్కలోకి రాదు మరి.

ఎక్కడైనా ఇలాంటి సెస్సు ప్రతిపాదించే ముందు, ప్రతి ఊళ్లో 75 ఏళ్లు దాటినవాళ్లు ఎంతమందో, 1 శాతం పన్ను పెంచితే ఎంత వస్తుందో పక్కపక్కన వేసి ప్రచురించమని అడగండి.

ఇట్లు,
ఒక పాఠకుడు